టైలరు మాస్టారు కొన్న డింగీ

టైలరు మాస్టారికి సముద్రమంటే పిచ్చి. చొక్కాలకు కాలర్లు కుడుతూ కుడుతూ తల నెరిసిపోయింది గానీ, మనసు ఏనాడూ కుట్టుమిషను దగ్గర లేదు. చివరికి పంతం పట్టి ఒక పాత తెరచాప పడవ కొన్నాడు. ఇద్దరు పడుకునే గది, చిన్న స్టవ్వు, అంతే. భార్యను ఎక్కించుకుని ఒక్కో దీవే చూసుకుంటూ పోవాలని కోరిక. ఒక్కడే వెళ్ళి ఏం చూస్తాడు? చూసింది ఎవరికి చెప్తాడు?

ఇక కావలసింది డింగీ. పడవను లోతులో లంగరేశాక మనుషుల్ని ఒడ్డుకు చేర్చే బుల్లి పడవ అన్నమాట. దూరం వెళ్ళేటప్పుడు దాన్ని పెద్ద పడవ మీదే సర్దుకోవాలి. దుకాణంవాడు రబ్బరుది చూపించాడు. గాలి తీసేస్తే సంచిలో పట్టేస్తుంది. మాస్టారి భార్య చెప్పులు విప్పి అందులో కాలు పెట్టింది. అడుగు మెత్తగా కుంగింది. పెట్టిన కాలు పెట్టినట్టే వెనక్కి తీసేసుకుంది.

"నా వల్ల కాదండీ. కాలి కింద గట్టిగా ఉంటేనే వస్తాను," అంది.

"గట్టిదే కొందాం. నువ్వు వస్తానను, చాలు," అన్నాడు మాస్టారు.

చెక్కది ఒకటి ఆమెకు నచ్చింది.

"ముందు కొలుచుకోండి మాస్టారూ," అన్నాడు దుకాణంవాడు.

కొలతల గురించి ఎవరికి చెబుతున్నాడు పాపం! మాస్టారు బోర్లించిన డింగీ అంచు చుట్టూ సుద్దతో గీసి, ఆ ఆకారానికి లైనింగు గుడ్డ కత్తిరించి, పట్టుకెళ్ళి తన పడవలో గది కప్పు మీద పరిచాడు. అతికినట్టు సరిపోయింది. ఇంటికెళ్ళి దీవుల పేర్లన్నీ వల్లించాడు. ఆమె కూడా నవ్వుతూ సంచులు దులిపి పెట్టింది.

తీరా డింగీని తెచ్చి అక్కడ బోర్లిస్తే, గుడ్డకు లేని పొట్ట దానికుంది. తెరచాప అడుగున అటూ ఇటూ తిరిగే దుంగ వచ్చి ఆ పొట్టకు ఠక్కున కొట్టుకుని ఆగిపోయింది. పొడవూ వెడల్పూ చూసుకున్న మహానుభావుడు ఎత్తు మరిచిపోయాడు. దుంగ తిరగకపోతే తెరచాపను గాలికి తిప్పలేరు, ఇక దీవులూ లేవు, గీవులూ లేవు. తాడు కట్టి వెనక లాక్కుపోదామంటే నడిసముద్రంలో పెద్ద అలకు అది మిగలదు.

దుకాణంవాడు మంచివాడు, రబ్బరుదానితో మార్చి ఇస్తానన్నాడు.

"మార్చుకోండి. మీరు వెళ్ళి రండి, నేను ఇంట్లో ఉంటాను," అంది భార్య. కోపంతో అన్నది కాదు, మనస్ఫూర్తిగానే అంది. మాస్టారు మాత్రం మార్చలేదు.

ఇప్పుడు సాయంత్రం కొట్టు కట్టేశాక ఆమెను చెక్క డింగీలో కూర్చోబెట్టుకుని, లంగరేసి ఉన్న పడవ దాకా తీసుకెళ్తాడు. అక్కడ టీ కాచుకుని తాగి వచ్చేస్తారు. ఒకరోజు గ్లాసులు కడుగుతూ ఆమె అడిగింది.

"ఇంకా వెళ్ళాలనే ఉందా?"

"ఉంది. రోజూ ఉంటుంది."

"మరి వెళ్ళరేం?"

"నువ్వు లేకుండానా?"

ఆమె గ్లాసులు తుడిచి బోర్లించింది. "చీకటి పడుతోంది, పదండి," అంది.

తెడ్లు వేసేవాడు వెళ్ళే దిక్కుకు వీపు పెట్టి కూర్చోవాలి. ఆమె ఒడ్డుకేసి చూస్తూ ఎదురుగా కూర్చుంది. మాస్టారు తెడ్లు లాగుతూ, ఒడ్డు తగిలేదాకా, ఆమె భుజం మీదుగా సముద్రాన్నే చూస్తూ వచ్చాడు.