చేపల ఓడ, పువ్వుల ఓడ

ఆవిల్డా కిన్యోనెస్ ఏ వస్తువునీ ఒంటరిగా చూసి ఎరగదు. దాని పక్కన దాని జోడీని పెడితే గానీ ఆవిడకు చూసినట్టుండదు. సంతలో అవకాడో పండు కావాలంటే రెండు చేతుల్లో రెండు పట్టుకుంటుంది. ఇల్లు తుడిచే కర్ర కొనాలంటే రెండింటిని గోడకు ఆనించి, దూరం జరిగి, కన్ను చికిలించి చూస్తుంది. చర్చికి కొత్తగా వచ్చిన ఫాదర్ ప్రసంగం ఎలా ఉందని ఎవరో అడిగితే, "ఇంకొకాయన్ని కూడా పంపిస్తే చెబుతాను," అంది.

దానికి కారణం ఉంది. మాయగ్వెస్‌ ఊళ్లో ఒకప్పుడు చేతి తొడుగులు కుట్టే ఫ్యాక్టరీలుండేవి. ఆవిల్డా తన వయసంతా అక్కడి తనిఖీ బల్ల దగ్గరే గడిపింది. కుడి చేతిదీ ఎడమ చేతిదీ పక్కపక్కన పరిచి, భూతద్దంతో చూసి, ఒక్క కుట్టు తేడా వచ్చినా వెనక్కి విసిరేది. ఫ్యాక్టరీ మూతబడి ఏళ్లయింది. భూతద్దం మాత్రం నల్లతాడుతో ఆవిడ మెడలోనే ఉండిపోయింది.

పెళ్లి విషయంలోనూ అంతే. ఆదివారం డాన్సులకు శాంతియాగో అనే కుర్రవాడు వచ్చేవాడు. వెంట కవల తమ్ముడు సతుర్నీనో కూడా వచ్చేవాడు. దేవుడు ఆవిల్డా కోసమే కొలతలు తీసి పంపినట్టుండేవారు ఇద్దరూ. నాలుగేళ్లు వాళ్లను పక్కపక్కన నిలబెట్టి చూసి, చివరికి శాంతియాగోను ఖాయం చేసింది. పోయేదాకా ఆయన ఎవరితో పరిచయమైనా ముందు ఆ మాటే చెప్పుకునేవాడు: "నేను తనిఖీ దాటిన సరుకునండీ." తనలో లోపం ఏమిటో చెప్పమని సతుర్నీనో ఇప్పటికీ పండక్కి వచ్చినప్పుడల్లా అడుగుతూనే ఉంటాడు. "అది ఫ్యాక్టరీ రహస్యం," అంటుంది ఆవిల్డా.

అక్క జోడీల పిచ్చి చెల్లెలు నెరేయిదాకు చిన్నప్పటి నుంచీ అలవాటే. కానీ ఆ ఏడాది అది ఆమె ప్రాణం మీదికి తెచ్చింది.

నెరేయిదా భర్త ఫెర్మీన్ రిటైరైన పోస్ట్‌మాన్. ఏ ఇంట్లో ఎవరుంటారో సరే, ఏ గేటు దగ్గర ఏ కుక్క ఏ కాలు పట్టుకుంటుందో కూడా చెప్పగల మనిషి. అలాంటివాడికి దారులు తప్పడం మొదలైంది. ఒక ఉదయం వీధి చివరి బేకరీకి వెళ్లి భోజనాల వేళకు తిరిగొచ్చాడు. చేతిలో ఉన్నది ఊరి అవతలి బేకరీ సంచి. చొక్కా చెమటతో తడిసిపోయింది. సరిగ్గా అప్పుడే ఆవిల్డా వాళ్ల వంటింట్లో కూర్చుని ఉంది.

"నేనే అక్కణ్ణుంచి తెమ్మన్నాన్లే అక్కా," అంది నెరేయిదా గబగబా.

ఆవిల్డా నిన్నటి రొట్టె మిగిలి ఉంటే దాన్ని కొత్తదాని పక్కన పెట్టి, భూతద్దంతో రెండింటి అంచులూ చూసింది. "ఇదే బాగుంది మరిదీ. అంత దూరం నడిచినందుకు ఫలితం ఉంది," అని ఒక ముక్క తుంచుకుంది. గండం గడిచిందని నెరేయిదా ఊపిరి పీల్చుకుంది.

ఆయన మతి ఇప్పుడున్నట్టు వచ్చే ఏడాదికి ఉండకపోవచ్చని డాక్టరు నెరేయిదాకు మెల్లగా చెప్పాడు. ఈ సంగతి ఎవరి దగ్గరా అననని ఫెర్మీన్ ఆమె చేత ఒట్టు వేయించుకున్నాడు. "ఊరందరి చిరునామాలూ తెలిసినవాడు తన ఇల్లు మర్చిపోయాడంటే నవ్వుతారే," అన్నాడు.

వాళ్లకు పెళ్లై ఆ ఏడాదికి యాభయ్యేళ్లు. దక్షిణ దీవులన్నీ చుట్టి వచ్చే పెద్ద ఓడ ప్రయాణం చేయాలని నెరేయిదాకు ఎన్నాళ్ల నుంచో కోరిక. పద్నాలుగు రాత్రులు నీళ్ల మీద. ఫెర్మీన్ తనను తాను ఎరిగి ఉండగానే అది జరగాలని ఆమె ఆరాటం. ఆయన ఒక్క షరతు పెట్టాడు. "వస్తాను. కానీ నువ్వు నా చెయ్యి పట్టుకుని పసిపిల్లాణ్ణి తిప్పినట్టు తిప్పితే మొదటి దీవిలోనే దిగిపోతాను." ఒక్కదాన్నే నెగ్గుకు రాలేనేమోనని నెరేయిదా అక్కను కూడా తోడు రమ్మంది. అదే ఆమె చేసిన తప్పు.

ఎందుకంటే సాన్ హువాన్ రేవు నుంచి ఆ దారిన వెళ్లే ఓడలు రెండు. ఒకటి ఉదయరాణి, రెండోది సంధ్యారాణి. రెండూ జోడీ ఓడలు.

టిక్కెట్ల దుకాణం యమీల్‌ది. రెండు ఓడల రంగుల పుస్తకాలూ బల్ల మీద పరిచి, ఆవిల్డా భూతద్దం తీయగానే అతని ముఖం పాలిపోయింది.

"రెండూ ఒకే చోట తయారయ్యాయి ఆవిల్డా అమ్మగారూ. ఒకే పొడుగు, ఒకే ఎత్తు. అవే దీవులు, అవే భోజనాలు. ఇది ఒక వారం, అది ఇంకో వారం. అంతే తేడా."

"కవలల గురించి నాకు చెప్పకు బాబూ. నేను ఒకణ్ణి పెళ్లాడాను."

"మరి ఏం చూడమంటారు?"

"నేల చూపించు."

"నేలా?"

"గదుల ముందు పొడుగ్గా దారి ఉంటుందిగా, అందులో పరిచిన తివాచీ. ఈ పుస్తకాల్లో ఆకాశం ఉంది, ఈత కొలను ఉంది, రొయ్యలు తింటున్న మొగుడూ పెళ్లాలున్నారు. కాలి కింద ఏముందో ఒక్కడూ చూపించలేదు."

వారం తిరిగేసరికి యమీల్ తల ప్రాణం తోకకొచ్చింది. ఆవిడ రోజూ వచ్చి అదే బల్ల దగ్గర, అవే రెండు పుస్తకాల ముందు కూర్చునేది. కొనేవాళ్లు కూడా ఆవిడ మాటలు విని అనుమానంగా నేల గురించి అడగడం మొదలుపెట్టారు. శుక్రవారం దాటితే ఈ ఏడాదికి గదులు దొరకవని యమీల్ చేతులెత్తేశాడు.

"అక్కా, ఏదో ఒకటి అనవే!" అంది నెరేయిదా.

"గురువారం ఉదయరాణి రేవుకి వస్తుందట. వెళ్లి అడిగొద్దాం."

"ఎవర్ని?"

"దిగేవాళ్లని."

కాబట్టి గురువారం పొద్దున్నే ఇద్దరూ సాన్ హువాన్ రేవు గేటు ముందు నిలబడ్డారు. పెట్టెలు ఈడ్చుకుంటూ బయటికొస్తున్న ప్రతి మనిషికీ ఆవిల్డా అడ్డం వెళ్లింది. "అయ్యా, నేల మీద ఏముంది?" కొందరు తమ కాళ్ల వంక చూసుకున్నారు. ఒకావిడ బిచ్చమనుకుని పర్సు తెరిచి చిల్లర తీసింది. నెరేయిదా సిగ్గుతో గొడుగు కిందికి దించి ముఖం దాచుకుంది. చివరికి ఎండకు ముక్కు కమిలిపోయిన బయమోన్ ఊరి మనిషొకడు దొరికాడు.

"నేల సంగతి నన్నడగండి అమ్మగారూ. రెండు సార్లు పడ్డాను దాని మీద. చేపలు."

"ఎలాంటి చేపలు?"

"నీలం తివాచీ మీద పసుపు చేపలు."

"ఎటు తిరిగి ఉన్నాయి?"

"అన్నీ ఒకే వైపు. పడ్డప్పుడు చూశానుగా, అన్నీ నాకు ఎదురొస్తున్నాయి. నేనే దారి తప్పి ఉంటాను."

"సంధ్యారాణిలో ఎప్పుడైనా పడ్డావా?"

"పోయినేడు. దాంట్లో మందారాలు. కొంచెం మెత్తగా కూడా ఉంటుంది."

ఆవిల్డా అతని రెండు చేతులూ పట్టుకుని కృతజ్ఞతలు చెప్పింది. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు, ఇంత దూరం వచ్చి ఈవిడ తెలుసుకున్నది ఇదా అని నెరేయిదా నెత్తి కొట్టుకుంది. పైగా తిరుగు ప్రయాణంలో ఆవిల్డా "చేపలదే తీసుకుందాం" అనేసరికి ఆమె గిరుక్కున అక్క వైపు తిరిగింది. చేప వాసనంటే ఆవిల్డాకు కడుపులో తిప్పుతుంది. గుడ్ ఫ్రైడే నాడు ఊరంతా ఎండుచేప వండుకుంటే ఆవిడ కిటికీలన్నీ మూసి, ఉడికిన చేమదుంపలూ గుడ్డూ తింటుంది. పువ్వులంటే మాత్రం ప్రాణం. ఆవిడ వాకిలంతా మందారాలే.

శుక్రవారం దుకాణంలో అసలు గొడవ జరిగింది. యమీల్ ఉదయరాణి గదుల పటం తిప్పి చూపిస్తూ, "మధ్యలో మంచి గదులున్నాయి. కుదుపు తెలియదు, లిఫ్టు పక్కనే," అన్నాడు.

"కాఫీ ఎక్కడ దొరుకుతుంది?" అంది ఆవిల్డా.

"ఇదే అంతస్తులో, ముందు కొసన."

"అయితే మాకు వెనక కొసన ఇవ్వు. ఇదిగో, ఈ ఆఖరి తలుపు వాళ్లకి. దాని ముందుది నాకు."

యమీల్ గొంతు తగ్గించాడు. "అమ్మా, అమ్ముకోవాల్సినవాణ్ణి, నేనే చెబుతున్నాను. ఆ గదులు ఎవరూ తీసుకోరు. కింద ఇంజను. రాత్రంతా మంచం వణుకుతుంది. కాఫీకి పోవాలంటే ఓడంత పొడుగూ నడవాలి."

నెరేయిదాకు కోపం కట్టలు తెంచుకుంది. "యాభయ్యేళ్ల పెళ్లిరోజు అక్కా నాది! వణికే మంచం మీద పడుకోమంటావా? నేల మీద చేపలున్నాయని ఓడనీ, ఎవరికీ అక్కర్లేదని గదినీ ఏరుతున్నావే! నీకు ఆటగా ఉంది గానీ, నాకు వచ్చే ఏడాదికి..."

అక్కడ ఆగిపోయింది. ఒట్టు గుర్తొచ్చింది. కళ్లలో నీళ్లు మాత్రం ఆగలేదు.

ఆవిల్డా భూతద్దాన్ని శాలువా అంచుతో చాలాసేపు తుడుచుకుంది. "ఏడవకే. ఇన్నేళ్లలో నేను దాటించిన జత ఏదైనా వెనక్కొచ్చిందా? ఆ తలుపే తీసుకో," అంది. నెరేయిదా ఓపిక అయిపోయింది. ఏ తలుపైతేనేం, ప్రయాణమంటూ ఉంటే చాలని సంతకం పెట్టింది.

ఓడ ఎక్కిన సాయంత్రం ఫెర్మీన్ ఆ దారిలో నిలబడి బిక్కచచ్చిపోయాడు. అటూ ఇటూ కనుచూపు మేర ఒకేలాంటి తలుపులు. అప్పుడే ఆవిల్డా అతని పక్కకు వచ్చి నిలబడింది. "మరిదీ, ఈ ఊళ్లో వీధుల పేర్లు లేవు, చేపలే ఉన్నాయి. అన్నీ ఓడ ముందుకే ఈదుతున్నాయి, చూశావా? అవి పోయే వైపు నడిస్తే కాఫీ. వాటికి ఎదురు నడిస్తే మంచం, దారి అయిపోయే దగ్గర ఆఖరి తలుపు."

"ఉత్తరాలు పంచి జుట్టు నెరిసినవాడికి దారి చెబుతావా వదినా?" అన్నాడు ఫెర్మీన్.

"నాకు నేను చెప్పుకుంటున్నాన్లే. నాకు అస్సలు గుర్తుండదు," అంది ఆవిల్డా.

నెరేయిదా లోపల పెట్టెలు సర్దుకుంటోంది. ఆ మాటలు విన్నా, మంచం వణుకు తలుచుకుని విసుక్కుంటూ పట్టించుకోలేదు.

మర్నాడు పొద్దున ఆమెకు మెలకువ వచ్చేసరికి పక్క ఖాళీగా ఉంది. చెప్పులైనా వేసుకోకుండా తలుపు తీసుకుని బయటికి పరుగెత్తింది. పక్క గది తలుపు దగ్గర ఆవిల్డా రాత్రి బట్టల్లోనే కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. మెడలో భూతద్దం.

"ఎక్కడికే ఆ పరుగు?"

"ఆయన... అక్కా, ఆయన లేరు!"

"కాఫీకి వెళ్లాడు. నాకు చెప్పే వెళ్లాడు. కూర్చో."

"ఒక్కర్నే పంపించావా! నీకు తెలీదు అక్కా, ఆయనకి..."

"కూర్చోమన్నానా."

దూరంగా దారి మలుపులో ఫెర్మీన్ కనిపించాడు. కాఫీలున్న పళ్లెం రెండు చేతులతో పట్టుకుని, మెల్లగా వస్తున్నాడు. సగం దారిలో ఆగాడు. ముందుకూ వెనక్కూ చూశాడు. నెరేయిదా లేవబోతే ఆవిల్డా చెయ్యి ఆమె మోకాలి మీద గట్టిగా పడింది. ఫెర్మీన్ తల వంచి కాళ్ల కిందికి చూసుకున్నాడు. తల ఎత్తి, మళ్లీ నడక మొదలుపెట్టాడు.

తీరా దగ్గరికొచ్చేసరికి వెనక ఒక ఊరేగింపే ఉంది. ఈత బట్టల్లో కాగ్వాస్ ఊరి దంపతులు, తలకు తువ్వాలు చుట్టుకున్న ఒకావిడ, తాళం కార్డు పట్టుకుని కళ్లు తేలేసిన ఒక పెద్దమనిషి. అందరూ పొద్దుటి నుంచీ గదులు దొరక్క ఓడంతా తిరుగుతున్నవాళ్లే.

"పాపం, తప్పిపోయారట," అన్నాడు ఫెర్మీన్, గొంతులో పాత ఉద్యోగపు దర్జా. "చేపల్ని చూసి నడవాలని ఒక్కరికీ తెలీదు. చదువుకున్నవాళ్లే! ఈ కాఫీలు పట్టుకోండి, వీళ్లను ఇళ్లకు చేర్చి వస్తాను."

చేర్చాడు. ప్రతి తలుపూ తట్టి మరీ అప్పగించాడు.

నెరేయిదా అక్క పక్కన కూలబడింది. రొట్టె గుర్తొచ్చింది. పక్కపక్కన పెట్టిన రెండు రొట్టెలు, చెమటతో తడిసిన చొక్కా, "అంత దూరం నడిచినందుకు" అన్న మాట. ఒక్క కుట్టు తేడా వస్తే పట్టుకునే కళ్ల దగ్గర తాను ఏం దాచగలననుకుందో ఆమెకే నవ్వొచ్చింది.

"అక్కా, నీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"ఏం తెలుసు?"

"అలాగే అను. మరి ఈ ఓడే ఎందుకు? మెత్తటి తివాచీ, మందారాలు, నీకిష్టమైనవన్నీ ఆ ఓడలో ఉండగా?"

"పువ్వులు చూడ్డానికి బాగుంటాయే," అంది ఆవిల్డా. "కానీ అవి ఎటూ పోవుగా."

నెరేయిదా అక్క భుజం మీద తల పెట్టుకుంది. ఆవిల్డాకు ఇలాంటివి ఇబ్బంది. పళ్లెంలోంచి రెండు కాఫీలు తీసి, రెండు మోకాళ్ల మీదా పెట్టుకుని, ఒకటి మార్చి ఒకటి రుచి చూసింది.

"రెండూ ఒకే కూజాలోవి వదినా!" అని అవతలి తలుపు దగ్గర్నుంచి కేకేశాడు ఫెర్మీన్.

"అది నేను చెప్పాలి," అంది ఆవిల్డా. కుడి మోకాలి మీది కాఫీ చెల్లెలికిచ్చి, ఎడమది తాను తాగింది.

ఆ ప్రయాణమంతా మంచాలు వణుకుతూనే ఉన్నాయి. ఫెర్మీన్ రోజూ చేపల వెంట వెళ్లి కాఫీ తెచ్చాడు. ఆవిల్డా మాత్రం ఎప్పుడు బయటికొచ్చినా, చేపల మీద కాలు పడకుండా, ముక్కు కొంచెం ముడుచుకుని, గోడవారగా నడిచింది.