బేకరీ అక్క అడిగిన మాట

బేకరీ అక్క నోరు విప్పితే వీధి చివరి దాకా వినిపించేది. బన్ను గట్టిగా ఉందని ఎవరైనా సణిగితే, నెపమంతా వాళ్ల పళ్ల మీదకు నెట్టి నవ్వించేది. అలాంటి మనిషి కొట్లో దొంగతనం జరిగాక నోరు కట్టేసుకుంది. పోయిన పిండి కలిపే మిషను దొరికింది. పట్టుబడ్డ ఎలక్ట్రీషియను జైలుకు వెళ్లి వచ్చాడు కూడా. అయినా వెనక గదిలోకి ఆమె ఒంటరిగా వెళ్లేది కాదు. ఎవరో తన మీద కన్నేశారన్న అనుమానం పీక్కుతినేది.

రిటైరైన నర్సు ఒకావిడ, ఆ పేటలో తప్పు చేసినవాళ్లనూ నష్టపోయినవాళ్లనూ వాళ్లకు ఇష్టమైతే ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించేది. ఆవిడ పిలిస్తే అక్క కస్సుమంది.

“వాడి మొహం చూడమంటారా, నర్సమ్మా?”

“నీకు అడగాలని ఉంటే అడుగు. ఆ జవాబు వాడి దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకదు.”

చివరికి అక్క వెళ్లింది. లైబ్రరీ మేడ మీద గది. ఎదురుగా ఎలక్ట్రీషియను, పక్కనే తలవంచుకున్న అతని భార్య.

“నా కొట్టే ఎందుకయ్యా? నా మీద పగా? ఎన్నాళ్లు కాపు కాశావు?”

అతను తలెత్తాడు. “పగేంటక్కా! పని పోయి తాగి తిరుగుతున్నాను. సందులోంచి వెళ్తుంటే మీ వెనక తలుపు గాలికి కొట్టుకుంటోంది. కొట్టు ఎవరిదని కూడా ఆలోచించలేదు. తాగానన్నది సాకు కాదు. తప్పు నాదే.”

అంతేనా! ఇన్నాళ్లూ తనను వెంటాడినవాడు అసలు లేనే లేడు. గుండెల మీది బండ దిగిపోయింది. దాంతో కోపం కట్టలు తెంచుకుంది.

“గడియ వదులైనందుకా నేను నిద్ర లేకుండా చచ్చింది!” అంటూ అక్క మేడ అదిరేలా దులిపేసింది. ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు ఆమె చూపు అతని భార్య మీద పడింది.

“నువ్వేం చేశావమ్మా, తల దించుకోవడానికి?”

“మీ కొట్టు ముందు నుంచి రాలేక చుట్టూ తిరిగి పోతున్నానక్కా. మా పాపను ఎవరూ ఆటకు పిలవట్లేదు.”

“రేపు పాపను తీసుకుని మా కొట్టుకే రా. ఎవరేమంటారో నేను చూస్తా.”

ఎలక్ట్రీషియను వచ్చి తలుపు బాగుచేశాడు, వైరింగంతా మార్చాడు. తాగుడు మానడానికి నర్సమ్మ దగ్గరుండి వైద్యం చేయించింది, పనీ చూపించింది. అతని భార్య బేకరీలో చేరింది. ఆమె కలిపిన పిండి దూదిలా పొంగేది.

ఒకరోజు ఒకాయన మూతి విరిచాడు. “దొంగ పెళ్లాం చేసిన రొట్టె మాకొద్దు.”

“మంచిది, పక్కకు జరగండి. మీ వెనకాల వాళ్లకు ఆకలేస్తోంది” అంది అక్క. వరసంతా గొల్లుమంది. ఆయన జరగలేదు. రొట్టె తీసుకునే వెళ్లాడు.

ఇప్పుడు ఆ మేడ గదిలో అక్కకూ ఒక కుర్చీ ఉంది, నష్టపోయినవాళ్ల పక్కన. జైలు నుంచి వచ్చినవాళ్ల పక్కన ఎలక్ట్రీషియను కూర్చుంటాడు. మొన్న దొంగతనంలో నష్టపోయిన ఒక టైలరమ్మ గుమ్మంలోనే ఆగిపోతే, అక్క ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది.

“ముందు కడుపులో ఉన్నదంతా కక్కేయ్ తల్లీ. మర్యాదలు తర్వాత చూసుకుందాం.”