ఆరు బండ్ల మిస్త్రీ

రోహిణి కార్తె. పొద్దుగాల ఏడింటికి రఘునాథపల్లి స్టేజీ కాడ బస్సు దిగిన. ఒక చేతిల పానాల డబ్బా, ఇంకో చేతిల బట్టల సంచి. డబ్బా బరువుకు భుజం గుంజుతాంది. రోడ్డు దిగి, పత్తి పీకేసిన ఎర్ర చెల్క నడుమ బాట పట్టుకొని పోతే సుబేదార్ సాబ్ షెడ్డు. మూడు దిక్కుల గోడ, ముందర ఖాళీ, మీద రేకులు. పక్కకు బోరు, దాని పక్కనే ఆయన ఇల్లు. వెనుక రైలు పట్టాలు. గప్పటికే గాలి వేడి. రేకుల కింద ఆరు బుల్లెట్ బండ్లు వరుసగ నిలబెట్టి ఉన్నయి, నిండ దుమ్ము. గదే నా డ్యూటీ జాగ.

మీరు ఇండ్లల్ల కూసుండి వినేటోళ్లు, మీకు ముందుగాల ఒక మాట చెప్పాలె. ఫౌజుల చేసింది నేను కాదు, మా ఆయన. హవల్దార్. లారీలు, జీపులు బాగు చేసే మిస్త్రీ. పించన్ మీద వచ్చినంక వరంగల్ అండర్ బ్రిడ్జి అవతల బండ్ల షెడ్డు పెట్టిండు. ఆయన కింద పండుకొని పని చేస్తాంటే నేను లైటు పట్టేది, పానా అందిచ్చేది. అందిచ్చుకుంట అందిచ్చుకుంటనే నేర్చుకున్న. ఆయన దవాఖానల పాణం విడిచినంక షెడ్డు తలుపు నేను తీసిన. చదువు రాదు. నేను చెప్తాంటే కోడలు రాస్తాంది. డ్యూటీ అయితే చేసిన. ఫౌజోళ్ల తోని, ఫౌజు లెక్కనే చేసిన.

సంగతి ఏందంటే, మా ఆయన దోస్తులు ఆరుగురు, అందరు పించన్ల మీద ఉన్నోళ్లే, పెద్ద రైడు పెట్టుకున్నరు. వరంగల్ కెల్లి కాశ్మీరు కొండల దాక, బండ్ల మీద. జవాన్లుగ ఉన్నప్పుడు వాళ్లు నౌకరి చేసిన జాగ. మా ఆయన గూడ అక్కడనే చేసిండు. పోయే ముందు బండ్లన్ని సర్వీసింగు చెయ్యాలె. గందుకు నన్ను పిలిచిండ్రు.

ఆ ఆరుగుర్ల పెద్దాయన సుబేదార్ సాబ్ గేటు కాడ నిలబడ్డడు. తెల్ల మీసాలు, ఇస్త్రీ అంగి, నెత్తి మీద టోపీ.

"వచ్చినవా చెల్లె?"

"వచ్చిన అన్న."

"గేటు లోపటికి వస్తే చెల్లె లేదు, అన్న లేదు. నువ్వు మిస్త్రీ. నేను సుబేదార్."

"మరి అక్కను ఏమని పిలవాలె?"

ఇంట్ల కెల్లి ఆయన భార్య ఒర్రింది. "నన్ను కర్నల్ సాబ్ అను! గీయన మీద ఆఫీసరు నేనే!"

సాబ్ మీసం కదిలింది గని నవ్వలే. నన్ను బండ్ల కాడికి తీస్కపోయి ఆర్డరు చెప్పిండు. "పొద్దుగాల అయిదింటికి ఫాలిన్, అందరు వరుసల నిలబడాలె. ఎండ ముదిరేదాక పని. మళ్ల చల్లవడ్డంక పని. బండ్లన్ని అయినంక ట్రైల్, నడిపి చూసుడు. తర్వాత నీ డ్యూటీ ఖతం. రైడుకు మిస్త్రీ హైదరాబాద్ కెల్లి వస్తడు."

నేను డబ్బా కింద పెట్టిన. "నేను రాను అన్ననా సాబ్?"

"కొండలు. సలి. నీ తోని కాదు."

మీకు తెలుస్తదో లేదో. ఫౌజోళ్లను గంత దూరం పంపితే పెండ్లాలను తీస్కపోనియ్యరు. మా ఆయన సెలవు మీద వచ్చి గా కొండల సంగతి చెప్తుండె. సలికి పానా చేతికి అంటుకపోతదట, గుంజితే తోలు లేస్తదట. నీ అబద్ధాలు పాడుగాను అని నేను నవ్వేదాన్ని. ఆయన పోయినంక గా నవ్వు నాకే గుచ్చుకున్నది. ఒక్కపారి పోయి ఆ జాగ చూడాలె. ఇనుము పట్టుకొని చూడాలె. గంతే నా ఆశ.

"ట్రైల్ల ఒక్క ఫాల్టు రాకుంటే?" అన్న.

సాబ్ నన్ను, నా డబ్బాను చూసిండు. "ఒక్కటి రాకుంటే వ్యాన్ల నీకు సీటు. ఒక్కటి వచ్చినా ఇంటికాడనే."

"జీ సాబ్" అన్న. మా ఆయన అనేటట్టే అన్న.

పని మొదలు పెట్టిన. ముందుగాల బండ్లు కడిగిన. దుమ్ము పోకుంటే పగులు కనబడది. ఇంజన్ జరసేపు నడిపి, వేడి మీద ఆయిలు దింపిన. చల్లగుంటే మడ్డి అడుగుకే ఉంటది. కొత్త ఆయిలు, కొత్త ఫిల్టరు. ప్లగ్గులు మార్చిన. క్లచ్ వైర్లు, యాక్సిలేటర్ వైర్లు కొత్తవి వేసి, పాతవి సుట్ట చుట్టి సీటు కింద పెట్టిన, తొవ్వల పనికొస్తయని. చైను రెండు వేళ్లంత కిందికి మీదికి ఆడాలె. ఎక్కువ లేదు, తక్కువ లేదు. బ్రేకులు విప్పి కడిగి, ప్యాడ్లు చూసి, బ్రేక్ ఆయిలు మార్చి, లోపటి గాలి తీసిన. చక్రం స్పోకులు ఒక్కోటి చిన్న పానాతోని కొట్టి విన్న. బిగువుగ ఉన్నది ఖంగుమంటది. లూజున్నది దగ్గినట్టు అంటది. గిది మా ఆయన పద్ధతి.

బిగించిన ప్రతి నట్టు మీద కోడలు గోళ్ల రంగుతోని సన్నగ గీత గీసిన. సిగ్నల్ భాయ్ చూసి నవ్విండు. ఆరుగుర్ల ఒకాయన, హనుమకొండ. ఫౌజుల రేడియో ఆపరేటరు. ఇప్పుడు గూడ ఆరు బండ్లకు, వ్యానుకు వాకీటాకీలు ఆయనే పెట్టిండు.

"వదినె, బండ్లకు పెండ్లి చేస్తానవా?"

"గీత పక్కకు జరిగితే నట్టు జరిగినట్టు భాయ్. దూరంకెల్లే కనబడతది."

"నా కాలు పెద్ద వేలుకు గూడ పెట్టు. రాత్రి తిమ్మిరి పట్టి అది గూడ జరిగిపోతాంది."

"వదినె కాదు, మిస్త్రీ!" సాబ్ అవతల కెల్లి గద్దించిండు.

వంట లంగర్ అన్నది. ఫౌజుల వంటశాలను లంగర్ అంటరు, గదే ఆయన పేరాయె. ఫౌజుల గూడ వంటాయనే. రైడుకు సామాను వ్యాను నడిపేది గూడ ఆయనే. ఛాయ్ తెచ్చినప్పుడల్ల నా చెవుల మెల్లగ అనేది, "మిస్త్రీ, నా పక్క సీటు మీద ఉల్లిగడ్డ సంచి పెడ్తలేను. నీకే ఆపిన." బండ్లోళ్లల్ల మిగిలిన నలుగురు వాళ్ల బండ్ల చుట్టు తిరుగుకుంట, పాతయి యాది చేసుకుంట, ఒకల మీద ఒకలు పడి నవ్వుతుండ్రి. నాకు మంచిగుండె. కొడుకు, కోడలు పనులకు పోతే ఇంట్ల ఒక్కదాన్నే తిన్నన్ని రోజులు తిన్న. ఇక్కడ పళ్లాలు వరుసగ పెట్టి, అందరికి వడ్డించినంకనే ముద్ద పెట్టేది.

ట్రైల్ ముందటి నాడు పొద్దుమూకి గాలివాన కొట్టింది. రేకులు లేచిపోతయా అనిపిచ్చింది. ముందర దిక్కు గోడ లేదు గద, జల్లు నేరుగ బండ్ల మీద. తెల్లారి చూస్తే మబ్బు లేదు. చెల్క వాసన మంచిగ వస్తాంది. నేను మొఖం కడుక్కొని వచ్చేవరకు బండ్లు మెరుస్తానయి. ఎవలో తుడిచిండ్రనుకున్న. సంబురపడ్డ.

మొదటి ట్రైల్ సిగ్నల్ భాయ్‌ది. షెడ్డు కెల్లి స్టేజీ దాక పోయి రావాలె. నేను వాకీటాకీ పట్టుకొని నిలబడ్డ. సాబ్ నా పక్కన, చేతులు ఎనకకు కట్టుకొని. భాయ్ పోయిండు. ఇంజన్ చప్పుడు సాఫుగ ఉన్నది. మలుపుకొని వస్తాండు. వాకీటాకీల కెల్లి గొంతు వచ్చింది.

"మిస్త్రీ, మిస్త్రీ. ముందర బ్రేకు లేదు. ఓవర్."

బటన్ నొక్కిన. "కాలు బ్రేకు తొక్కు భాయ్! గేరు తగ్గించు!"

"ఓవర్ అను వదినె. ఓవర్."

"ముందుగాల నువ్వు ఆగు! ఓవర్ సంగతి ఎనకకు!"

పత్తి కట్టె కుప్పల పోయి ఆగింది బండి. మేము ఉరికినం. భాయ్ కట్టెల నడుమ కెల్లి లేచిండు. మోచెయ్యి గీరుకపోయింది, గడ్డంల పత్తి కాయ. "అల్లా దయ, మెత్తటి జాగ దొరికింది" అన్నడు.

సాబ్ నవ్వలే. "బ్రేకు పని ఎవలు చేసిండ్రు?"

"నేనే సాబ్."

"ఫాల్టు వచ్చింది."

"వచ్చింది సాబ్."

ఆయన ఫోను తీసిండు, హైదరాబాదోన్ని పిలవనీకి. లోపట గాలి ఉండిపోయిందా? నేను తీసిన గద, బుడగ రాకుండ అయ్యేదాక తీసిన గద? కూసుండి ముందర బ్రేకు నొక్కి చూసిన. గట్టిగున్నది. గాలి ఉంటే మెత్తగ లోపటికి పోతది. పోతలేదు. మరి ఏందిది? ప్యాడ్లు పట్టే ఇనుప పళ్లెం, గా డిస్కు మీద వేలు పెట్టిన. సర్రున జారింది. ముక్కు కాడ పెట్టుకున్న. ఇంజన్ ఆయిలు కాదు. పల్చగ, కుట్టుమిషన్ నూనె వాసన.

అవతల షెడ్డుల మిగిలినోళ్లు వాళ్ల బండ్లు స్టార్టు చేసి బయటికి తీస్తానరు. నాకు పొద్దుగాల బండ్లన్ని మెరిసింది యాదికొచ్చింది. లేచి ఒక్క ఒర్రుడు ఒర్రిన.

"ఎవ్వలు కదలొద్దు! చక్రం తిప్పొద్దు! ఎక్కడోళ్లు అక్కడనే!"

ముసలి ఫౌజీలు నలుగురు కట్టెల లెక్క నిలబడ్డరు. ఒకాయన కాలు గాలిలనే ఆగింది. సాబ్ గూడ చెవి కాడ ఫోను పెట్టుకొని అట్లనే నిలబడ్డడు.

"డిస్కులకు నూనె పూసింది ఎవలు?"

రైలు పోయింది ఎనక కెల్లి. అది పోయినంక సాబ్ ఫోను జేబుల పెట్టిండు. టోపీ తీసిండు.

"నేను పూసిన."

"మీరా?"

"తెల్లారి చూసిన. వానకు ఎర్రగ తుప్పు లేసింది. రోజు రైఫిల్ తుడిచిన చేతులాయె. ఇనుము మీద తుప్పు కనబడితే నా చెయ్యి ఊకోదు. ఆరు బండ్లకు పూసిన. ఒక్కటి గూడ వదలలే."

సిగ్నల్ భాయ్ గడ్డంల కాయ పీక్కుంట అన్నడు, "సాబ్, మీరు పూసిన బ్రేకు గురి తప్పలే. నేరుగ కుప్పల కొట్టింది."

నలుగురు ఫక్కున నవ్విండ్రు. నాకు నవ్వు వచ్చింది, ఏడుపు వచ్చింది. "సాబ్, వాన తుప్పు రెండు పార్లు బ్రేకు కొడితే అదే పోతది. నూనె పడితే బ్రేకు పట్టది" అన్న.

సాబ్ నిటారుగ నిలబడ్డడు. "సిగ్నల్! డ్యూటీ మీద గలతీ చేస్తే సజా ఏంది?"

"ఫ్రంట్ రోల్ సాబ్. షెడ్డు కెల్లి బోరు దాక. కానీ సాబ్, గీ వయసుల..."

ఆయన విన్నడా? ఇస్త్రీ అంగి తోనే ఎర్ర మట్టిల కూసుండి, తల వంచి, ఒకటి దొర్లిండు. ఇంకోటి దొర్లిండు. ఇంట్ల కెల్లి అక్క చీపురు పట్టుకొని ఉరికొచ్చింది. "నడుం పట్టేస్తే నేనా రుద్దేది? ఓ సుబేదారూ, లే!" ఆయన మట్టిల ఎల్లెల్కల పడి నవ్వుడు షురూ చేసిండు. పొట్ట ఎగిరెగిరి పడుతాంది. నేను ఆయన నవ్వంగ చూసుడు అదే మొదలు.

లేచినంక నా దిక్కు చూసి, "మిస్త్రీ, ఇప్పుడు నాకు ఆర్డరు నువ్వు చెప్పు" అన్నడు.

చెప్పిన. పెట్రోలు, కొత్త గుడ్డలు. ఒక గుడ్డ ఒక్కపారే, మళ్ల దానితోనే తుడవద్దు. తెల్లగుడ్డకు మరక అంటకుండ అయ్యేదాక తుడవాలె. ఆయన, నేను కలిసి తుడిచినం. చక్రం తిరగకుండ నిలబెట్టిన అయిదు బండ్ల డిస్కులు ఆ పనితోనే సాఫ్ అయినయి. భాయ్ బండివి ప్యాడ్లు నూనె తాగినయి, పడేసి కొత్తయి వేసిన. చల్లవడ్డంక మళ్ల ట్రైల్. ఒక్కోలు స్టేజీ దాక పోయి వచ్చి, నేను గీసిన సున్నం గీత కాడ ఆగాలె. ఆరుగురు ఆగిండ్రు.

ఫాలిన్ చేపిచ్చి సాబ్ చెప్పిండు. "మిస్త్రీ సీటు వ్యాన్ల, డ్రైవర్ పక్కకు." లంగర్ అన్న నా సంచి అప్పటికే లోపట పెట్టిండు.

పోయినం. నాగపూర్ ఎండ, ఢిల్లీ ధూళి, తర్వాత చల్లగాలి. తొవ్వల పంచర్లు అయినయి, ఒక వైరు తెగింది. బాగు చేసిన. మా ఆయన చేసిన వర్క్‌షాపు గేటు కాడ లోపటికి రానియ్యలే, ఫౌజు రూలు. బయట కెల్లే చూసిన. లారీ కింద కెల్లి ఎవలియో రెండు కాళ్లు బయటికి ఉన్నయి, బూట్లకు మట్టి. చానసేపు చూసిన. తెల్లారి సలిల, రాత్రంత మంచుల పెట్టిన పానా తడి చేతితోని పట్టుకున్న. అతికింది. గుంజితే నిజంగనే సుర్రుమన్నది. ఆయన అబద్ధం చెప్పలే.

తిరిగి వరంగల్ వచ్చినం. షెడ్డు తలుపు మళ్ల తీసిన. వచ్చినోళ్లు మంచు సంగతి అడుగుతరు, చెప్తాన. కానీ నా కండ్లల్ల ఉండిపోయింది వేరేది. కొండ దిగుతానం. తొవ్వ నిలువుగ కిందికి ఉన్నది, ఒక పక్క లోయ. ముందర ఆరు బండ్లు, ఎనక మా వ్యాను. మలుపు తిరగంగనే తొవ్వకు అడ్డంగ గొర్ల మంద. రేడియోల సాబ్ గొంతు, "మంద. ఆగుండ్రి." ఆరు ఎర్ర లైట్లు ఒక్కపారే వెలిగినయి. ఆరు బండ్లు వరుసగ, చప్పుడు లేకుండ ఆగినయి. కాపరి మా దిక్కు తల గూడ తిప్పలే. కర్ర భుజం మీద వేసుకొని, గొర్లను అదిలిచ్చుకుంట, తన నడక తాను నడిచి తొవ్వ దాటిండు.