ఎదురు చెప్పేవాళ్ళు కావలెను

ఐన్ జహర్ మేయరు సీ మూల్దీకి, అంటే మూల్దీగారికి, ఒక విచిత్రమైన జబ్బుంది. ఆయన్ని ఎవరో ఒకరు కాదనాలి. మిగతా ఊళ్ళలో మేయర్లు అవునన్నవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని, కాదన్నవాళ్ళని గుమ్మం బయట నిలబెడతారు. ఈయన దగ్గర అంతా తిరకాసు. బల్దియా సభ్యులందరూ ఒక్క గొంతుతో "సరే" అన్నారో, మొహం వేలాడిపోయేది. కలానికి మూత పెట్టేసి, "వ్యతిరేకించేవాళ్ళు ఎవరూ లేరా? ఒక్కరైనా?" అని సంతలో పిల్లాణ్ణి పోగొట్టుకున్నవాడిలా చుట్టూ చూసేవాడు. ఆ ఒక్కరూ దొరికేదాకా సంతకం లేదు.

ఈ బాధంతా పడింది బల్దియా గుమాస్తా జలీలా. కాగితాలు తయారుచేసేది ఆమె, ఆయన వెనకాల ఫైలు పట్టుకుని తిరిగేది ఆమె. చెత్తడబ్బాలకి పచ్చరంగు వేయిద్దామన్నారు ఒకసారి. అందరూ సరేనన్నారు. ఇంకేముంది, చలికాలమంతా డబ్బాలు బల్దియా పెరట్లో బోర్లాపడి ఉన్నాయి, చెత్త వీధుల్లో ఉంది. చివరికి మంగలి రిదా, మేయరుకి గడ్డం గీస్తూ, "పచ్చరంగేంటి సీ మూల్దీ, ఊరు ఆస్పత్రిలా ఉంటుంది" అన్నాడు. సీ మూల్దీ సబ్బునురగతోనే లేచి వాణ్ణి కావలించుకుని రెండు బుగ్గలమీదా ముద్దుపెట్టాడు. మర్నాడే సంతకం అయింది. డబ్బాలకి నీలంరంగు పడింది.

బస్సు నడిపే రోజుల నుంచీ ఆయన అంతేట. రాజధానికి వెళ్ళే తెల్లవారుజాము బస్సు ఆయనదే. బండి స్టార్టుచేసి, వెనక్కి తిరిగి, "ఇక బయల్దేరదాం. కాదనేవాళ్ళున్నారా?" అని అడిగేవాడు.

"పోనివ్వవయ్యా బాబూ, ఆఫీసులున్నాయి!"

"ఎవరూ కాదనట్లేదా? ఇంకోసారి చూసుకోండి."

అందరూ తిట్టుకుంటూ ఉండగా సందు చివర ఎవరో ఒకామె చెప్పులు చేత్తో పట్టుకుని, "ఆపండి, ఆపండి!" అని పరిగెత్తుకొచ్చేది. "అదిగో, కాదనే మనిషి!" అని సంబరంగా తలుపు తెరిచేవాడు.

ఇంట్లో మాత్రం ఆయనకి ఈ కరువు లేదు. భార్య బేయా దగ్గర, "రాత్రికి చేపల కుస్‌కుస్ చేద్దామా? కాదంటావా?" అంటే, "కాదనే అంటాను. ముందు ఆ ఉల్లిపాయలు తరుగు" అనేది. ఆయన కళ్ళనీళ్ళు కారుస్తూ, ఆనందంగా తరిగేవాడు.

సభ్యులు కొంతకాలం చూసి ఒక ఉపాయం కనిపెట్టారు. తొందరగా ఇంటికి పోవాలంటే ఒకరు కాదనాలి కాబట్టి వారానికొకరు వంతులు వేసుకున్నారు. వీధిదీపాల సంగతి వచ్చిన రోజున వంతు సీ బూబకర్‌ది. పాపం, నిద్రలోంచి లేచి చెయ్యెత్తాడు.

"నేను వ్యతిరేకం."

సీ మూల్దీ మొహం వెలిగిపోయింది. "అదీ! ఎందుకు?"

"ఎందుకంటే... ఈ వారం నా వంతు."

ఆ రోజు సభ సాయంత్రం నమాజుదాకా సాగింది.

ఇక వసంతం వచ్చింది. ఐన్ జహర్‌లో వసంతమంటే నారింజ పూలు. చెట్లకింద దుప్పట్లు పరిచి, నిచ్చెనలెక్కి ఆడవాళ్ళు పూలు కోస్తారు. కోసిన పూలు ఆగవు, వాడిపోకముందే రాగి బట్టీలోకి ఎక్కాలి. ఊళ్ళో ఏ ఇంట్లో చూసినా పొయ్యిమీద బట్టీ, బట్టీ ముందు ఒక ఆడమనిషి, సీసాలోకి చుక్కచుక్కగా పూలనీరు. కాఫీలో ఆ చుక్క పడకపోతే ఊళ్ళో మగాళ్ళకి పొద్దు మొదలవదు. బట్టీలు ఎక్కువగా ఉండేది రాగిసందులో. పూలపండగ జరిగేదీ అక్కడే. సందులో ఆడవాళ్ళు ఎవరి గుమ్మం ముందు వాళ్ళు సీసాలు పెట్టుకుని అమ్ముకుంటారు. ఆ పండగ అమ్మకం మీదే చాలా ఇళ్ళు ఏడాది గడుపుకుంటాయి.

పండగ ముందు మేయరు జనాన్ని బల్దియా హాల్లో కూర్చోబెట్టి వసంత నివేదిక చదవడం ఆనవాయితీ. ఏం చేశాం, ఏం చేయబోతున్నాం, మీరేమంటారు అని. ఆ ఏడు నివేదికలో ఒక కొత్త ప్రతిపాదన ఉంది. తెచ్చినవాడు నౌఫల్, బల్దియా సభ్యుడు, సముద్రం ఒడ్డున పెద్ద హోటలు యజమాని. పండగని రాగిసందు నుంచి తన హోటలు ముందున్న కొత్త రోడ్డుకి మార్చాలని.

"వేదిక కట్టిస్తాను, దీపాలు, పాటగాళ్ళు, అన్నీ నా ఖర్చు" అన్నాడు నౌఫల్ టై సర్దుకుంటూ. "సందులో ఏముంది? పొగ, బురద. అమ్ముకునే ఆడవాళ్ళకి కూడా ఓ మూల బల్ల వేయిస్తాను."

హాలంతా చప్పట్లు. రాసుకుంటున్న జలీలాకి మాత్రం కలం బరువెక్కింది. ఆమెది రాగిసందే. ఎదురింట్లో ఖాల్తీ సస్సియా, అంటే సస్సియా పిన్ని, ఉంటుంది. ఆవిడ మొగుడు పోయాక ఇంట్లో సంపాదించేవి రెండే, ఆ బట్టీ, కోడలి చేతులు. మండుతున్న బట్టీని చంకన పెట్టుకుని సముద్రం ఒడ్డుకి ఎవరు పోతారు? హోటలు ముందు, ఓ మూల బల్లమీద, ఎవరు కొంటారు? ఇదంతా జలీలాకి తెలుసు. కానీ గుమాస్తాకి ఓటు లేదు.

"వ్యతిరేకించేవాళ్ళు?" అన్నాడు సీ మూల్దీ.

వంతు ప్రకారం సీ బూబకర్ చెయ్యెత్తాడు.

"కారణం?"

"సముద్రం... కాస్త తడిగా ఉంటుంది కదా."

"కూర్చో బూబకర్."

"సీ మూల్దీ, ఎల్లుండి పండగ" అన్నాడు నౌఫల్. "హాలు నిండా జనం ఉన్నారు, ఒక్కరూ కాదనలేదు. సంతకం పెడతారా, కాదనేవాడి కోసం ఊరంతా జల్లెడ పడతారా?"

"ఇంత పెద్ద మార్పుని ఒక్కరూ కాదనలేదంటే, కాదనేవాళ్ళు ఈ హాల్లో లేరన్నమాట. జల్లెడే పడదాం" అని సీ మూల్దీ ఎర్ర షెషియా టోపీ నెత్తిన పెట్టుకుని లేచాడు. వెనకాల నవ్వులు. జలీలా ఫైలు తీసుకుని బయల్దేరింది.

కాఫీకొట్టులో అందరికీ సమ్మతమే. మంగలి రిదా దూరం నుంచే రెండు బుగ్గలూ చేతులతో కప్పుకుని, "నాకూ సమ్మతమే సీ మూల్దీ, పూర్తిగా సమ్మతం!" అని అరిచాడు. మేయరు నిట్టూర్చి రాగిసందులోకి తిరిగాడు.

మొదటి గుమ్మంలో అడుగుపెట్టాడో లేదో, "తలుపు ముయ్యి! మంట కదులుతోంది!" అని ఒక కేక. ఆవిడ హజ్ చేసొచ్చిన హజ్జా మహ్బూబా. హోటలు నౌఫల్‌కి కన్నతల్లి. కొడుకు కట్టించిన మేడకి రమ్మంటే, "అక్కడ పొయ్యి పెట్టనివ్వరు" అని పాత ఇంట్లోనే ఉండిపోయిన మనిషి. మేయరు అక్కడ కాసేపు మాట్లాడి, ఇంకో నాలుగు వాకిళ్ళు ఎక్కి దిగి, ఖాల్తీ సస్సియా ఇంటికి చేరాడు.

"సలాం ఖాల్తీ. హాల్లో సభకి రాలేదేం?"

ఆవిడ తల తిప్పలేదు. "బట్టీ పొయ్యిమీద పెట్టి సభకి రావాలా? మంట పెరిగితే పూలు మాడతాయి, తగ్గితే చుక్క పడదు. పైన చన్నీళ్ళు వేడెక్కగానే మార్చాలి. ఊరికే నిలబడ్డావు, ఆ బకెట్టు అందుకో."

సీ మూల్దీ బకెట్టు అందుకున్నాడు. బట్టీ తలమీది వేడినీళ్ళు తోడి, చన్నీళ్ళు పోశాడు. సగం బూట్లలో పోసుకున్నాడు.

"ఏటా మేం పొయ్యి ముందు కదల్లేని రోజుల్లోనే మీ సభ" అంది ఖాల్తీ సస్సియా. "మేం రావద్దనే పెడుతున్నారనుకున్నాం."

"ఏటా?"

"నువ్వు మేయరువి కాకముందు నుంచీ."

సీ మూల్దీ బకెట్టు కింద పెట్టాడు. ఆ సభ నోటీసు ఏటా టైపు చేసేది జలీలాయే. పూల ఊళ్ళో, పూలనీళ్ళు దించే రోజుల్లో, పూలపండగ గురించి సభ! సభలో ఏం నిర్ణయించాలని అందరూ కొట్టుకుంటారు గానీ, సభ ఏ వేళకి పెట్టాలన్నది కూడా నిర్ణయమే. ఎవరు మాట్లాడాలో, ఎవరు నోరు మూసుకుని ఇంట్లో ఉండాలో అక్కడే తేలిపోతుంది. ఐన్ జహర్‌లో ఆ సంగతి మగాళ్ళెవరికీ తట్టలేదు. కాఫీలో పూలనీరు మాత్రం తప్పకుండా పడింది.

"పండగ సముద్రం ఒడ్డుకి మారుస్తామంటున్నారు" అన్నాడు సీ మూల్దీ మెల్లగా. "నీకు సమ్మతమేనా?"

ఆవిడ జలీలా చేతిలో ఫైలు వంక చూసింది. "నా కోడలు ఆ హోటల్లోనే దుప్పట్లు ఉతుకుతుంది. నాకు అంతా సమ్మతమే."

సీసాలో చుక్క పడింది. ఇంకో చుక్క.

"జలీలా," అన్నాడు సీ మూల్దీ, "నువ్వు కాస్త బయట నిలబడమ్మా."

చాలాసేపటికి ఆయన బయటికొచ్చాడు. పంట్లాం మోకాళ్ళదాకా తడి, టోపీమీద పూలరేకులు, మొహంలో ఈదు పండగ.

"దొరికారు!"

"ఎవరని రాయమంటారు?"

"ఒకరు అని రాయి."

జలీలాకి అప్పుడు తట్టింది. బస్టాండు గొడవలోనూ ఈయన "ఒకరు" అన్నాడు. బడి గోడ విషయంలోనూ "ఒకరు". నవ్వుతూ ఇళ్ళల్లో దూరతాడు, తడిసో, మసి పూసుకునో బయటికొస్తాడు, పేరు మాత్రం ఎప్పుడూ చెప్పడు. చాదస్తమని ఊరంతా నవ్వేది. ఆ నవ్వు చాటున ఎంతమంది నిర్భయంగా కాదన్నారో!

మర్నాడు వసంత నివేదిక బల్దియా హాల్లో కాదు, రాగిసందులో. బట్టీలు హాలుకి రావు కాబట్టి హాలే బట్టీల దగ్గరికి వచ్చింది. తలుపులన్నీ బార్లా తీసి, ఆడవాళ్ళు ఎవరి పొయ్యి ముందు వాళ్ళు కూర్చునే వింటున్నారు. సీ మూల్దీ బోర్లించిన బకెట్టు ఎక్కి, నాటిన మొక్కలు, రంగులేసిన బడి, ఊడ్చిన వీధులు అన్నీ చదివి పండగ దగ్గరికొచ్చాడు.

"స్థలం మార్పుకి వ్యతిరేకత వచ్చింది. అందుకని ఓటు మళ్ళీ అడుగుతున్నాను. ఇక్కడ."

నౌఫల్ ముందుకొచ్చాడు. "ఎవరు వ్యతిరేకం?"

"ఒకరు."

"ఆ ఒకరెవరో చెప్పండి. నేను మాట్లాడుకుంటాను."

'మాట్లాడుకుంటాను' అన్న తీరుకి ఖాల్తీ సస్సియా చేతిలో గరిటె ఆగిపోయింది. సందంతా మేయరు వంక చూసింది. ఆయన తన కుడిచెయ్యే పైకెత్తాడు.

"నేనే."

"మీరా? ప్రతిపాదన మీ నివేదికలోనే ఉంది!"

"అందుకే కాదంటున్నాను. చదివాను కదా, నచ్చలేదు."

"కారణం?"

"నాకు మోకాళ్ళ నొప్పులు. సముద్రపు గాలి పడదు."

జనం పగలబడి నవ్వారు. "మొగుడు పోరు పెడుతుంటే విన్నాను గానీ, తనతో తనే పోరు పెట్టుకునేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా!" అంది బేయా గట్టిగా. నౌఫల్ మొహం ఎర్రబడింది. మేయరు అబద్ధమాడుతున్నాడని అతనికి తెలుసు. ఎవరి కోసమో కనిపెట్టడానికి గుమ్మం గుమ్మం వెతుకుతున్నాడు. అతని చూపు ఖాల్తీ సస్సియా వాకిట్లో ఆగబోతుండగా మొదటింట్లోంచి కేక వచ్చింది.

"చెయ్యి దింపు మూల్దీ! నీ మోకాలికేం రోగం? నిన్న నా ఇంట్లో నాలుగు బకెట్లు మోశావు!" హజ్జా మహ్బూబా గుమ్మంలోకి వచ్చింది, చేతిలో బట్టీ మసిగుడ్డతో. "ఒరేయ్ నౌఫల్, ఎవరో కావాలా? నేను రా. నేను వ్యతిరేకం. ఇప్పుడు మాట్లాడు నాతో."

"యమ్మా, నువ్వు ఊరుకో..."

"నీ చదువు ఈ బట్టీలోంచి కారింది, నీ మొదటి బూట్లు ఈ బట్టీలోంచి కారాయి. ఓ మూల బల్ల వేస్తావా నాకు? పొగ అంటావా? రా ఇలా. నీళ్ళు వేడెక్కాయి, మార్చు."

హోటలు యజమాని టై భుజంమీదికి వేసుకుని, చొక్కా చేతులు మడిచి, బకెట్టు అందుకున్నాడు. సందులో ఎవరూ నవ్వలేదు. నవ్వితే హజ్జా ఊరుకోదు.

"కొడుకుని కన్న తల్లే కాదంటోంది," అన్నాడు సీ మూల్దీ నెమ్మదిగా, "ఇంకెవరైనా ఉన్నారా?"

ఒక గుమ్మంలో ఒక చెయ్యి లేచింది, నారింజ వాసన వేస్తూ. పక్క గుమ్మంలో ఇంకోటి. ఖాల్తీ సస్సియా గరిటెతో సహా చెయ్యెత్తింది. సీ బూబకర్, "ఈసారి వంతు కోసం కాదు!" అని ఉత్సాహంగా రెండు చేతులూ ఎత్తాడు.

"ఆ దీపాలేవో ఇక్కడ కట్టించు రా" అని హజ్జా లోపల్నుంచి తీర్పు చెప్పింది. "పాటగాళ్ళని కూడా ఇక్కడికే పిలువు. సస్సియా కోడలికి పండగ రోజు సెలవివ్వు, అత్తకి సాయం కావాలి."

"అలాగే యమ్మా" అంది బకెట్టు వెనకాల గొంతు.

సీ మూల్దీ గొంతు సవరించుకున్నాడు. "అయితే పండగ రాగిసందులోనే. కాదనేవాళ్ళు?"

ఎవరూ లేరు. ఆయన మొహం మళ్ళీ వేలాడిపోయింది. దిగులుగా కాగితం తిప్పాడు. "సరే. తర్వాతి అంశం, మురుగుకాలవలు. ఇది కొంచెం వివరంగా..."

"సీ మూల్దీ!"

జలీలా చెయ్యెత్తి నిలబడి ఉంది. ఆయన నమ్మలేనట్టు చూశాడు. "నువ్వా? కారణం?"

"పొయ్యిలమీద పూలున్నాయి. ఇప్పుడు మురుగుకాలవల గురించి వినడానికి నేను వ్యతిరేకం."

"నేనూ!" అంది బేయా. "నేనూ!" అన్నాడు మంగలి రిదా. గుమ్మాలన్నీ, గోడలన్నీ చేతులే. హజ్జా ఇంట్లోంచి ఒక తడిసిన చొక్కా చెయ్యి కూడా లేచింది.

సీ మూల్దీ కాగితాలు మడిచాడు. ఆ చేతులన్నిటినీ, ఒక్కటి కూడా వదలకుండా, కళ్ళారా చూసుకున్నాడు. మురుగుకాలవలు ఓడిపోయినందుకు అంత మురిసిపోయిన మేయరు ఇంకెక్కడా ఉండి ఉండడు.

"రాసుకో జలీలా, రాసుకో! ఊరంతా వ్యతిరేకం!"

"చెయ్యి ఖాళీ లేదు, సీ మూల్దీ" అంది జలీలా.