డాక్టర్ని కాదని చెప్పిన మధ్యాహ్నం

సహోదరులారా, సహోదరీలారా, మీ ముందు నిలబడి మాట్లాడడం నాకు అలవాటు లేదు, అయినా ప్రభువు నాకు చేసినదాన్ని దాచుకుని కూర్చోలేక వచ్చాను. ఆ మధ్య ఒక ఆదివారం పాస్టరు అయ్యగారు ఇదే మందిరంలో నన్ను ముందుకు పిలిచి, మన కరుణకు ఎల్బీనగర్‌లో ఆసుపత్రి ఉద్యోగం వచ్చిందని చెబితే మీరందరూ చప్పట్లు కొట్టి స్తోత్రాలు చెప్పారు, మా నాన్న కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. అంత సంతోషం మధ్యలో నిలబడి నేను మాత్రం, దేవా, ఈ ఉద్యోగం నాకు రాకపోయినా బాగుండేది అని లోపల ఏడుస్తున్నాను.

నేను చదివింది ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సు. డాక్టరు పక్కన ఉండి, రోగి చెప్పేది విని రాసుకోవడం, పరీక్షలు చేయించడం, ఆపరేషన్‌లో చేతికింద సాయం చేయడం, ఇదీ మా పని. డాక్టరు చెబితేనే చేస్తాం, సొంతంగా వైద్యం చేయకూడదు. కానీ సరూర్‌నగర్‌లో మేము కిరాయికి ఉండే గల్లీలో ఈ తేడా ఎవరికి తెలుస్తుంది? అందరికీ నేను డాక్టరమ్మనే. గడ్డిఅన్నారంలో పండ్ల మార్కెట్ ఉన్నన్నాళ్లు ట్రాలీ ఆటోలో బత్తాయిలు మోసి, మార్కెట్ తరలిపోయాక దొరికిన సరుకల్లా మోసి నన్ను చదివించిన నాన్న, ఆ మాట విన్నప్పుడల్లా మురిసిపోయేవాడు.

ఇంటర్వ్యూ రోజున ఆ ఆసుపత్రి మేనేజరు చాలా మర్యాదగా మాట్లాడాడు. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా డాక్టర్ గారు ఇంకో చోట చూస్తారని, ఆ వేళలో వార్డు, ఎమర్జెన్సీ రెండూ నేనే చూసుకోవాలని, చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర పెట్టాలని చెప్పాడు. ఏమైనా అయితే డాక్టర్ గారు వస్తారా అని అడిగాను.

"ఫోన్ చేస్తే చెబుతారమ్మా. మీరు కోటు వేసుకుని ధైర్యంగా ఉండండి చాలు. పేషెంట్లు మిమ్మల్ని డాక్టరనే అనుకుంటారు, అనుకోనివ్వండి" అన్నాడు.

ఆ "అనుకోనివ్వండి" అన్న మాట నాతోపాటే ఇంటికొచ్చింది. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. దిల్‌సుఖ్‌నగర్ బస్టాపులో నిలబడితే ఎల్బీనగర్ బస్సులు ఒకదాని వెనక ఒకటి పోతుండేవి, నాకు ఎక్కబుద్ధి అయ్యేది కాదు. ఎవరో తండ్రి, ఎవరో బిడ్డ నా చేతుల్లో కళ్లు తేలేసినట్టు, ఆ ఇంటివాళ్లందరూ నా ముఖంలోకి చూస్తున్నట్టు కూర్చున్నచోటే కనిపించేది. అమ్మకు చెబితే, "కొత్తల అందరికీ గట్లనే ఉంటది బిడ్డా, పోంగ పోంగ అలవాటైతది" అంది. ప్రార్థన కూడికలో ఒక అక్క, భయం సాతానుది, గద్దించి తరిమెయ్యి అని చెప్పింది. నేనూ అలాగే నమ్మి ఉపవాసం ఉండి, మోకాళ్ల మీద పడి, "ప్రభువా, ఈ భయం తీసెయ్యి, సర్టిఫికెట్లు ఇచ్చి చేరిపోతాను" అని కన్నీళ్లతో అడిగాను. భయం పోలేదు సహోదరులారా, ఇంకా పెరిగింది! దేవుడు నా ప్రార్థన వినడం లేదనుకున్నాను.

సర్టిఫికెట్లు ఇచ్చే ముందు కొన్నాళ్లు వచ్చి పని చూడమన్నారు, వెళ్లాను. ఒక మధ్యాహ్నం, డాక్టర్ గారు అప్పుడే కారెక్కి వెళ్లిపోయాక, చంపాపేట నుంచి ఒకాయనను ఆటోలో తెచ్చారు. నాన్న ఈడువాడు. చొక్కా చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోయింది, చెయ్యి ఛాతీ మీద నుంచి తీయడం లేదు. ఆయన భార్య సూటిగా నా దగ్గరికే వచ్చి నా కోటు పట్టుకుంది.

"డాక్టరమ్మా, జర చూడుండ్రి, పొద్దుగాల నుంచి నొస్తుందంటుండు."

ఈసీజీ తీయించాను. ఆ గీతలు ఒకటికి రెండుసార్లు చూశాను. చదువుకున్నది అబద్ధం కాకపోతే అది గుండెపోటే. డాక్టర్ గారికి ఫోన్ చేశాను, మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాను, ఎత్తలేదు. మేనేజరు నన్ను పక్కకు పిలిచి, గ్యాస్ నొప్పని చెప్పి ఇంజెక్షన్ చేసి అడ్మిట్ చేసుకోండి, సాయంత్రం సార్ వచ్చి చూస్తారు అన్నాడు. నర్సు నా వైపే చూస్తోంది, ఆయన భార్య నా వైపే చూస్తోంది. అక్కడే నిలబడి కళ్లు మూసుకోకుండానే, "యేసయ్యా, నాకు రానిది వచ్చినట్టు నటించనియ్యకు" అన్నాను. ఇంతకన్నా మాటలు దొరకలేదు.

తర్వాత ఆమె వైపు తిరిగి చెప్పాను. "అమ్మా, నేను డాక్టర్ని కాదు. డాక్టర్ దగ్గర పనిచేసేదాన్ని. ఇప్పుడు ఈడ డాక్టర్ లేడు. ఈయనకు గుండె డాక్టర్ కావాలె, ఇప్పుడే పెద్ద దవాఖానకు తీస్కపోవాలె."

ఆమె నా కోటు వదిలేసింది. తిడుతుందనుకున్నాను. చెంగుతో భర్త ముఖం తుడుస్తూ, "మరి నువ్వు మాతోని వస్తవా బిడ్డా?" అంది.

వెళ్లాను. నేనే ఫోన్ చేసి పిలిపించిన అంబులెన్సులో ఆయనకు ఆక్సిజన్ పట్టుకుని, ఈసీజీ కాగితం ఇంకో చేత్తో పట్టుకుని, ట్రాఫిక్ ఆగిన ప్రతిచోటా ప్రభువును పిలుస్తూ వెళ్లాను. నేను పొరబడి ఉంటే? దారిలోనే ఏమైనా అయితే? ఆ ప్రయాణంలో పడ్డ భయం నా జన్మలో పడలేదు. పెద్ద ఆసుపత్రిలో కాగితం చూడగానే ఆయనను లోపలికి తీసుకుపోయారు. గుండెకు రక్తం తీసుకుపోయే నాళం మూసుకుపోయిందట, తెరిచారు. ఆయన బతికాడు. సాయంత్రం దాకా అక్కడే ఉంచి ఉంటే దక్కేవాడు కాదని ఆ డాక్టరు ఆమెతో చెబుతుంటే, నేను గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాను. అప్పుడు నాకు అర్థమైంది! నేను తరిమెయ్యాలని ఉపవాసం ఉన్న ఆ భయాన్ని నా దేవుడే నాలో ఉండనిచ్చాడు, నన్ను ఆపడానికే ఉండనిచ్చాడు. ఆయన నామానికి స్తోత్రం!

మర్నాడు వెళ్లి మేనేజరుతో, అన్ని వేళలా డాక్టరు ఉంటేనే చేరతానని చెప్పాను. ఆయన కోప్పడలేదు. "అన్ని చోట్లా ఇంతేనమ్మా. ఎక్కడికి పోతారు?" అన్నాడు.

నిజం చెబుతున్నాను, ఆ మాట నన్ను అంతకుముందుకన్నా ఎక్కువ భయపెట్టింది. చాలా రోజులు ఎక్కడి నుంచీ పిలుపు రాలేదు. ఆదివారం మందిరానికి వస్తే, ఉద్యోగం ఎట్లుంది అని మీరు ప్రేమతో అడిగేవారు, నేను చెప్పుల దగ్గర చివర కూర్చుని ఆశీర్వాదం కాగానే వెళ్లిపోయేదాన్ని. నాన్న నాతో మాట్లాడడం తగ్గించాడు. అన్ని చోట్లా ఇంతే అయితే నేను చదివిన చదువు ఏం కావాలి, తప్పు చేశానేమో, ఇక్కడితో నా దారి మూసుకుపోయిందేమో అని దిండులో ముఖం పెట్టి ఏడ్చేదాన్ని.

అలాంటప్పుడు దిల్‌సుఖ్‌నగర్ వైపు ఒక ఆసుపత్రి నుంచి పిలుపు వచ్చింది. నాన్నే తన ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని తీసుకుపోయాడు. గేటు దగ్గర దింపి అన్నాడు, "మంది ఏమనుకుంటరో అని నేను పరేషాన్ అయిన బిడ్డా. నువ్వు అడిగేది అన్నీ అడుగు. నచ్చకుంటే మర్ల ఇంటికి పోదాం."

లోపల ఒక సర్జన్ మేడమ్ ఉన్నారు. నాన్న చెప్పినట్టే అన్నీ అడిగాను. నా పైన ఎవరుంటారు, నాకు తెలియనిది ఎదురైతే ఎవరిని పిలవాలి, పిలిస్తే వస్తారా, నేను డాక్టర్ని కాదని రోగికి చెప్పవచ్చా. ఇన్ని ప్రశ్నలు వేస్తే పంపించేస్తారనుకున్నాను. ఆవిడ కళ్లజోడు తీసి నన్ను చూశారు.

"నువ్వు పిలిస్తే నేను రావాలి. అది నా పని. పిలవకుండా దాచావనుకో, అప్పుడు నాకు కోపం వస్తుంది."

సర్టిఫికెట్లు చూసి నా చేతికే తిరిగి ఇచ్చేశారు. బయటికొచ్చి నాన్నకు చెబితే ఆటో హ్యాండిల్ మీద తల ఆనించి, "దేవా, నీకు వందనం" అన్నాడు. మా నాన్న పైకి ప్రార్థన చేయగా నేను వినడం అదే మొదటిసారి.

ఇప్పుడు అక్కడే పనిచేస్తున్నాను. భయం పూర్తిగా పోయిందని చెబితే అది సాక్ష్యం కాదు, అబద్ధం. కానీ ఆ భయంతో ఒంటరిగా ఉన్న రోజుల నుంచి నా ప్రభువు నన్ను విడిపించాడు. సహోదరులారా, మీలో ఎవరైనా, అందరూ మంచిదంటున్న దారి ముందు నిలబడి లోపల తల్లడిల్లిపోతుంటే, నలుగురికీ సిగ్గుపడి ఆ దారిలో అడుగు వెయ్యకండి, భయపడుతున్నందుకు మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. ఆ భయాన్ని ఉన్నదున్నట్టు యేసయ్య దగ్గర పెట్టండి, ఆయన తోసేసేవాడు కాదు. ఒక్కరే ప్రార్థించలేకపోతే కూడిక అయ్యాక నా దగ్గరికి రండి, కలిసి మోకరిద్దాం. నా కోసం కూడా ప్రార్థించండి, రేపు పొద్దున మేడమ్ పక్కన మొదటిసారి పెద్ద ఆపరేషన్‌లో నిలబడబోతున్నాను. ఆ బల్ల మీద పడుకోబోయే తల్లి పేరు నాకు తెలుసు, దేవునికి ఇంకా బాగా తెలుసు. ఆయనకే మహిమ. ఆమేన్.