మగ్గాలు ఆగిన పూట

ఇరవై రెండేళ్ల వయసులో మనిషికి తన మీద ఉండేంత మంచి అభిప్రాయం ఆ తర్వాత ఎప్పుడూ ఉండదనుకుంటాను. నాకైతే అప్పుడు దండిగా ఉండేది. తిరుపతిలో ఇంజనీరింగ్ ముగించుకుని నగరిలోని మా ఇంటికి వచ్చి ఆరు నెలలైంది. రోజంతా మిద్దె మీది గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, కనబడిన కంపెనీకల్లా దరఖాస్తు పంపుతూ, ఈ ఇంటి భవిష్యత్తంతా నా భుజాల మీదే ఉందని నమ్మేవాణ్ణి. (ప్రస్తుతానికి ఇల్లు కింది హాల్లోని నాలుగు మరమగ్గాల మీదా, వాటి మధ్య తిరిగే మా నాయన కాళ్ల మీదా నడుస్తోందన్న సంగతి నా దృష్టికి రాలేదు.) మా తాత అభిప్రాయం మాత్రం వేరుగా ఉండేది. "ఈ కాలం పిల్లకాయలు కూసున్న తావు నుంచి లేసేది అన్నానికే" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. నాయన ఏ అభిప్రాయమూ చెప్పేవాడు కాదు. తెగిన పోగు ముడేసుకుంటూ నా వైపు ఒకసారి చూసి, మళ్లీ మగ్గం వైపు తిరిగేవాడు. నేను ఆయన లెక్కలో లేనని ఆ చూపుకు అర్థం చెప్పుకుని, లోలోపల గొప్పగా బాధపడేవాణ్ణి.

అలాంటి రోజుల్లో చెన్నై కంపెనీ ఒకటి నన్ను ఇంటర్వ్యూకి పిలిచింది. ఆరు నెలల్లో వచ్చిన మొదటి పిలుపు అదే. పొద్దున పదకొండు గంటలకు, వీడియోలో. మా ఇంట్లో మగ్గాలు ఆడుతుంటే మిద్దె మీద కూడా పక్కమనిషితో అరిచి మాట్లాడాల్సిందే. ముందురోజు అన్నం దగ్గర నాయనతో విషయం చెప్పాను.

"రేపు గంటసేపు మగ్గాలు ఆపల్ల నాయనా."

"నాలుగూనా?"

"నాలుగూ."

ఆయన అన్నం కలుపుకుంటూనే "సరే" అన్నాడు. అంతే.

ఇక్కడ మా వీధి పద్ధతి ఒకటి చెప్పాలి. మా వీధిలో అన్నీ మగ్గాల ఇళ్లే, గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. కరెంటు పోతే అన్ని ఇళ్లూ ఒకేసారి ఆగుతాయి. పండగకైతే ముందే అనుకుని ఆపుతారు. అలా కాకుండా పట్టపగలు, కరెంటు ఉండగా, ఒక్క ఇంట్లో మగ్గాలన్నీ ఆగాయంటే ఆ ఇంట్లో మనిషి పోయినట్టే. ఎవరూ వచ్చి అడగరు, అడిగితే బాగుండదు. తమ మగ్గాలు కూడా ఆపేసి, చేతులు కడుక్కుని, ఆ ఇంటికి బయల్దేరతారు. ఆ వీధిలోనే పుట్టి పెరిగినవాణ్ణి, అది నాకు ఆ పూట గుర్తు రాలేదు, నాయనకూ తట్టినట్టు లేదు. పైగా మా తాత పది రోజులు జ్వరంతో ఆస్పత్రిలో పడుండి, రెండు రోజుల కిందటే ఇంటికి వచ్చాడు.

పదకొండుకు చొక్కా ఇస్త్రీ చేసుకుని (కింద లుంగీ, అది కెమెరాకు కనబడదు) కూర్చున్నాను. మగ్గాలు ఆగాయి. తెర మీద ముగ్గురు పెద్దమనుషులు కనిపించారు. నేను బట్టీ పట్టిన పరిచయం అప్పజెప్పడం మొదలుపెట్టాను. ఎంత ఒత్తిడిలోనైనా నిబ్బరంగా పనిచేస్తానన్నది అందులో ముఖ్యమైన వాక్యం. అది చెబుతుండగా పక్కింటి మగ్గాలు ఆగాయి. తర్వాత ఎదురింటివి. ఒక్కొక్కటిగా వీధి చివరిదాకా నిశ్శబ్దమైపోయింది. నా జీవితంలో అంత నిశ్శబ్దం ఆ వీధిలో వినలేదు. నా ఇంటర్వ్యూ కోసం వీధి వీధంతా పని మానుకుందని నేను నిజంగానే అనుకున్నాను. గొంతు ఇంకొంచెం పెంచాను.

అప్పుడు కింద నుంచి మూలింటి అత్త గొంతు లేచింది. "అయ్యో మామా, మొన్ననే గదా ఆస్పత్రి నుంచి నడిచి వస్తివి, అప్పుడే పోయినావా మామా" అని. ఆమె వెనక ఇంకో నాలుగు గొంతులు. ఏడుపుల మధ్య నాయన మాట సన్నగా వినబడింది: "గమ్మునుండండమ్మా, పైన మావోడు మాట్లాడతా ఉండాడు." దానికి ఎవరో "పాపం, నాయన పోయిన దుఃఖంలో ఏం మాట్లాడతా ఉండాడో ఆయనకే తెల్దు" అన్నారు.

తెర మీది పెద్దాయన ఏమైందని అడిగాడు. "మా తాత పోయినాడు సార్" అని చెప్పి, ఏడుస్తూ మెట్లు దిగాను. నిబ్బరం సంగతి ఆ ముగ్గురూ గమనించే ఉంటారు.

కింద హాలు నిండా జనం. నడిమధ్య మా తాత పంచె సర్దుకుంటూ నిలబడి ఉన్నాడు. అరవై ఏళ్లుగా మగ్గాల మోత మధ్య నిద్రపోయిన మనిషి, మోత ఆగేసరికి మెలకువ వచ్చి లేచాడట. వీధి ముఖాలన్నీ చూసి, నా దగ్గరికి వచ్చి మెల్లిగా అడిగాడు.

"ఎవుర్రా అబ్బోడా పోయింది?"

నేను ఆయన్ను పట్టుకుని ఇంకా గట్టిగా ఏడ్చాను. మూలింటి అత్త కళ్లు తుడుచుకుని, "వచ్చినాం గదా, కాఫీ అన్నా పోయమ్మా" అని మా అమ్మతో అంది. తాత మాత్రం తనకోసం ఎవరెవరు వచ్చారో, ఎవరు రాలేదో అందరినీ ఒకసారి తేరిపార చూసుకున్నాడు.

నేను ముఖం కడుక్కుని మళ్లీ పైకి వెళ్లాను. ఆ ముగ్గురూ పాపం ఇంకా అక్కడే ఉన్నారు. "తాత బతికే ఉన్నాడు సార్" అన్నాను. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, చాలా సంతోషమన్నారు. ఆ తర్వాత వాళ్లు అడిగిన ప్రశ్నలూ, నేను చెప్పిన జవాబులూ నాకు గుర్తు లేవు.

వారం తర్వాత, ఉద్యోగం ఇవ్వలేమని మర్యాదగా రాసి పంపారు. ఆ మధ్యాహ్నం అన్నం దగ్గర ఆ మాట చెప్పాను. అన్నానికే లేస్తానన్న మాట తాత ఈసారి అనలేదు. అమ్మ చారు పోసింది. నాయన తన పాటికి తను తింటున్నాడు. ఇప్పుడు కూడా ఏమీ అనడు, నేనంటే లెక్కే లేదు, అని నా పాత బాధను మళ్లీ బయటికి తీయబోతున్నాను. ఆయన తలెత్తకుండానే అన్నాడు.

"ఈ తూరి ఎప్పుడు ఆపల్లో రెండు దినాలు ముందే చెప్పు. నేను వీధంతా తిరిగి చెప్పొస్తా."

నేను "సరే నాయనా" అన్నాననుకుంటాను. ఇంటి భవిష్యత్తునంతా మోస్తున్న ఆ ఇరవై రెండేళ్ల పెద్దమనిషి ఆ పూట అన్నం తిన్నాక మిద్దె ఎక్కకుండా, నాయన వెనకే మగ్గాల హాల్లోకి నడిచాడు.