తీపి పైన, ఉప్పు కింద

నా చిన్నప్పుడు మా ఇంట్లో నీళ్ళు రెండే రకాలు: తాగేవి, తక్కినవి. యానాంలో గోదావరి కళ్ళెదుటే ఉన్నా, ఎండాకాలం వచ్చేసరికి పోటు సమయాన సముద్రం ఏటిలోకి ఎగదన్నుకొచ్చి నీళ్ళన్నీ ఉప్పగా చేసేసేది. ఇంత నీరు ఎదురుగా పెట్టుకుని గుక్కెడు తాగడానికి లేకపోవడమేమిటని నాకు మహా విడ్డూరంగా ఉండేది. నేను ప్రతిదానికీ ఎందుకు అని అడిగే రకం. నా ప్రశ్నలకి జవాబు చెప్పలేక మా అమ్మ నన్ను పక్కింటికి తరిమేసేది.

అసలు మాది యానాం కాదు, మెట్ట ప్రాంతపు పల్లెటూరు. మా నాన్న ఇక్కడ టీ హోటలు పెట్టుకుందామని కుటుంబంతో సహా దిగిపోయారు. ముందుగదిలో హోటలు, వెనక పెరట్లో నుయ్యి. ఆ నూతి నీళ్ళు నోట్లో పోసుకుని చూశాకే నాన్న ఆ ఇల్లు కొన్నారు. ఉప్పునీళ్ళతో కాచిన టీ ఎవరు తాగుతారు? దూరంగా ఉన్న కనకాలపేట నుంచి వచ్చేవాళ్ళు కూడా మా దగ్గర ఆగి ఓ కప్పు తాగి వెళ్ళేవారంటే అదంతా ఆ నూతి చలవే.

ఆ నుయ్యి మా ఒక్కరిదే కాదు. పక్కింటివాళ్ళు కూడా తాగే నీళ్ళు మా పెరట్లోంచే పట్టుకెళ్ళేవారు. వాళ్ళకీ నుయ్యి ఉంది గానీ, అందులోవి ఉప్పునీళ్ళు. బట్టలుతకడానికి తప్ప పనికొచ్చేవి కావు. ఆ చోటు మొదటినుంచీ అంతేనని పక్కింటి పెదనాన్న చెబుతుండేవారు. ఆయన కూతురు కాకినాడ కాలేజీలో సైన్సు చదివేది. నా ప్రశ్నలకి విసుక్కోని మనిషి ఊరు మొత్తం మీద ఆ అక్క ఒక్కతే.

ఒక ఏడాది వానలు సరిగా పడలేదు. వేసవి ముదిరేసరికి మా నూతిలో నీరు అడుగంటింది. బిందె ముంచితే సగం ఇసకే వచ్చేది. మా మెట్ట ఊళ్ళో అయితే ఇలాంటప్పుడు ఒకటే మందు: లోతు తవ్వించడం. అక్కడ నుయ్యి ఎంత లోతుంటే ఆ ఇంటికి అంత పరువు. తొంగిచూస్తే మన మొహం కనపడకూడదు, అదీ నుయ్యంటే అని మా నాన్న గొప్పలు పోయేవారు. యానాం నూతుల్ని చూసి ఇవి నూతులా, నీళ్ళు నింపుకునే గాబులా అని వెక్కిరించేవారు కూడా. వెంటనే తవ్వేవాళ్ళకి కబురు పెట్టారు.

ఆ మాట చెవిన పడగానే అక్క వచ్చి, వద్దు బాబాయ్ గారండి, లోతుకి పోతే ఉప్పు తగులుద్దండి, అంది. నాన్న నవ్వేశారు. నూతుల సంగతి మెట్టవాడికి చెబుతున్నావా అమ్మాయ్, అన్నారు. అక్క ఏదో అనబోయి, తమ ఇంటి వైపు చూసి ఆగిపోయింది. పెద్దవాళ్ళతో వాదించే అలవాటు ఆ రోజుల్లో లేదు. ఆ నుయ్యి పాడైతే మా పొయ్యి ఆరిపోతుందని, వాళ్ళ బిందె ఖాళీ అవుతుందని తనకి తెలుసు. నాకు మాత్రం భయంకంటే కుతూహలమే ఎక్కువ. కింద ఉప్పుంటే పైన తీపి ఎలా ఉందక్కా, రెండూ కలిసిపోవా, అని వెంటపడ్డాను. రేపు చూద్దువుగాని, అంది.

మర్నాడు ఆదివారం. తవ్వేవాళ్ళు గునపాలు, తట్టలు పట్టుకుని పెరట్లోకి వచ్చేశారు. ఒకతను నూతిలోకి దిగేందుకు నడుముకి తాడు కట్టుకుంటున్నాడు. అక్క చర్చి నుంచి నేరుగా మా హోటల్లోకి వచ్చి, ఓ గాజుగ్లాసు, గుప్పెడు రాళ్ళుప్పు, చక్కెర వెయ్యని చల్లారిన డికాషను అడిగింది. సగం గ్లాసు నీళ్ళలో ఉప్పు పోసి కరిగేదాకా తిప్పింది. తర్వాత చెంచా బోర్లించి నీళ్ళకి ఆనించి పట్టుకుని, దానిమీదుగా డికాషను సన్నటి ధారగా జార్చింది. డికాషను కిందికి దిగలేదు. తేట నీళ్ళమీద గోధుమరంగు మీగడలా నిలబడిపోయింది. కలవనే లేదు! మా దగ్గర టీ తాగుతున్న వాళ్ళు కూడా కప్పులు పక్కన పెట్టి మూగారు.

అక్క పెరట్లోని బొప్పాయి ఆకు కాడ, లోపల బోలుగా గొట్టంలా ఉండేది, ఒకటి కోసి, పాలు పోయేలా కడిగి, గ్లాసుతో పాటు నాన్న చేతికిచ్చింది. నాన్న ఇదేం ఆటమ్మా అన్నారే గానీ గొట్టం నోట పెట్టుకున్నారు.

"పైపైన పీల్చండి బాబాయ్ గారండి. ఏం తగిలిందండి?"

"నా డికాషనే."

"ఇప్పుడు మీ ఊరి లెక్కన లోతుకి దింపండి."

నాన్న గొట్టం అడుక్కి దించి ఒక్క గుక్క లాగారు. మొహం వంకర్లు తిరిగిపోయింది. గుమ్మంలోకి పరుగెత్తి ఉమ్మేశారు. అందరూ ఘొల్లుమన్నారు. అక్క మాత్రం నవ్వలేదు.

ఇసకలోకి ఇంకిన వాననీరు తేలిక, సముద్రపు నీరు బరువు, అందుకే ఒకటి పైన, ఒకటి కింద ఉంటాయని చెప్పింది. పైదాన్ని నిదానంగా తోడుకోవాలే తప్ప కిందికి పొడవకూడదంది. ఆ తర్వాత గొంతు బాగా తగ్గించి ఇంకో మాట అంది.

"మా నుయ్యి మొదట్లో తియ్యగానే ఉండేదండి. మా నాన్న లోతు తవ్వించారు. ఆయనకి ఈ గ్లాసు చూపించినోళ్ళు ఎవరూ లేకపోయారండి."

తండ్రి ఇన్నేళ్ళూ దాచుకున్న మాట మా నుయ్యి కోసం బయటపెట్టేటప్పుడు అక్క కళ్ళల్లో నీళ్ళు తిరగడం నేను చూశాను. నాన్న గ్లాసు పక్కన పెట్టి పెరట్లోకి వెళ్ళి, నూతిలోకి దిగుతున్నవాణ్ణి పైకి రమ్మన్నారు. ఆ రోజే పెరటి రెండో మూల, పాత నుయ్యి ఎంత లోతో అంతే లోతున ఇంకోటి తవ్వించారు. ఒకదాంట్లో తోడుతుంటే రెండోది ఊరేది. ఆ వేసవి అలా గట్టెక్కింది.

ఆ ఆదివారం సాయంత్రమే మా నాన్న తనే ఓ బిందెడు నీళ్ళు భుజాన పెట్టుకుని పక్కింటికి వెళ్ళారు. ఆ ఇంటి పెదనాన్నతో ఏం మాట్లాడారో నాకు తెలియదు గానీ, వానాకాలం రాకముందే ఇద్దరూ కలిసి వాళ్ళ నూతి అడుగుని, లోతు తవ్వినంత మేరా ఇసకతో కప్పించారు. వానలు పట్టాయి. ఆ నూతిని ఎవరూ కదపలేదు. ఓ రోజు తెరిపి ఇచ్చాక అక్క నన్ను కేకేసి, చేద వేసి పైపైన ముంచి, నా దోసిట్లో పోసింది. పెదనాన్న అరుగుమీంచి లేచి నిలబడ్డారు. ఆయన కళ్ళన్నీ నా నోటిమీదే. తియ్యగా ఉన్నాయని చెప్పెయ్యాలని ఎంతో అనిపించింది. కానీ అక్క మొహం చూశాక అబద్ధం రాలేదు.

"కొంచెం ఉప్పుందక్కా," అన్నాను.

పెదనాన్న మొహం చిన్నబోలేదు. "కొంచెవేనా? అయితే ఇంకో వాన చూద్దారి," అని మళ్ళీ అరుగుమీద కూర్చున్నారు.

ఇప్పుడు మా ఇంటికి తాగే నీళ్ళు డబ్బాల్లో వస్తున్నాయి. మా మనవరాలికి చేద అంటే ఏమిటో చెప్పాల్సొచ్చింది. అయినా ఇంట్లో ఎవరి మనసైనా విరిగి, మాటలు ఉప్పుగా మారినప్పుడు నేను తవ్వి అడగను. అంతా తీపేనని నటించను కూడా. ఇంకా కొంచెం ఉందని ఒప్పుకుని, ఇంకో వాన కోసం ఆగుతాను.